అప్పు ముక్కు

పొద్దుగాల ఆరున్నరకు
బుద్ధుడింకా మబ్బులనే ఉంటడు.
జెట్టీ కాడ తొమ్మిది పడవలు
పలుపులకు కట్టిన దూడల్లెక్క
ఒకదాన్నొకటి పొడుచుకుంటుంటయ్.
నాది నాలుగో నంబరు.
ఎనిమిది సీట్లు, ఇంజను మీద మూత,
మూత మీద పోయిన దసరా నాటి పసుపు.

తాళంచెవి నా చేతులనే ఉంటది.
పెట్టనియ్యడు బాలనర్సు ఉస్తాద్.
"మొదలు ముక్కు,
తర్వాతనే చెవి" అంటడు.

మూత లేపి, మోకాళ్ళ మీద కూసొని
పడవ కడుపులకు తలకాయ పెట్టాలె.
సాగర్ వాసన ఊరందరికీ ఎరుకే,
ట్యాంక్‌బండ్ మీద బస్సుల పోయేటోళ్ళు
కొంగు అడ్డం పెట్టుకునేది దానికే.
నాలాల మురుగు, కుళ్ళిన గుర్రపుడెక్క,
వినాయకుల రంగు, నిన్నటి మక్కబెండ్లు.
వీటన్నిటి కింద
సన్నగ, తియ్యగ, ఎవరో పిలిచినట్టు
ఇంకొకటి ఉంటే ఉంటది.
దాన్ని పట్టాలె.

పెట్రోలు ఆవిరి పొగ తీరు పైకి పోదు,
అడుక్కు దిగుతది.
పలకల సందున చాప పరుసుకొని పంటది.
తాళం తిప్పినవా,
లేస్తది.

కొత్తల నేను నవ్విన.
"చుట్టూ ఇంత చెరువు పెట్టుకొని
అగ్గికి భయమేంది ఉస్తాద్?"
ఆయన నవ్వలే.
గట్టు మీద రేకు పళ్ళెంల నీళ్ళు పోసి
మీద ఒక్క మూతెడు పెట్రోలు ఒంపి
పుల్ల గీసిండు.
నీళ్ళ మీద మంట నడిచింది.
నేను ఉరికిపోయి చెంబెడు నీళ్ళు గుమ్మరిస్తే
పళ్ళెం దాటి నా చెప్పుల దాక వచ్చింది.
తడి గోనెసంచి కప్పిండు, అంతే.
"ఈడనైతే ఉరికినవ్," అన్నడు,
"నడి సాగర్ల ఏడికి ఉరుకుతవ్?"

ఎర్ర సిలిండర్ ఇంజను పక్కన పెట్టొద్దు.
మంట అడ్డం రానికాడ, చెయ్యి అందేకాడ పెట్టు.
ముల్లు పచ్చల ఉన్నదా సూడు.
నెలకొకపారి తలకిందులు చేసి
పసిపోరన్ని తేన్పిచ్చినట్టు తట్టు,
ఇంజను దడకు లోపలి పొడి గడ్డకడతది.
ఒకయేడు చెకింగుకు ముందు
కాంట్రాక్టరు వాటికి కొత్త రంగేయించిండు.
రంగు మంచిగనే ఉండె.

కరోనా వచ్చిపోయింది.
ఉస్తాద్ బతికిండు,
ఆయన ముక్కు బతకలే.
కాంట్రాక్టరుకు చెప్పలే, నాకూ చెప్పలే.
పొద్దుగాల అట్లనే వంగుతుండె,
అట్లనే "సాఫ్" అంటుండె.

ఒక ఆయితారం
ఎనిమిది మంది ఎక్కి కూసున్నరు,
ఒకామె ఒళ్ళె పిలగాడు బుగ్గ పట్టుకొని.
"సాఫ్, పెట్టు చాందీ" అన్నడు.
నేను టికెట్ల కిటికీ కాన్నుంచి వస్తున్న.
పది అడుగుల దూరంలనే తగిలింది నాకు,
సన్నగ, తియ్యగ.
"దిగుండ్రి, పడవ మారింది" అన్న.
తిట్టుకుంట దిగిన్రు.
పిలగాని బుగ్గ నీళ్ళల్ల పడ్డది, వాడు ఏడ్సిండు.

పైపు పగిలి చుక్క చుక్క కారుతుంది.
ఉస్తాద్ వేళ్ళు తడుపుకొని
ముక్కు కాడ పెట్టుకున్నడు.
చాలాసేపు పెట్టుకున్నడు.
లుంగీకి తుడుసుకొని
నా దిక్కు చూడకుంట
కొత్త పైపు తేనీకి రాణిగంజ్ పోయిండు.

ఇప్పుడు మూత ఆయన లేపుతడు,
తలకాయ నేను పెడుత.
దవాఖాన్ల రిపోర్టు చదివే డాక్టర్ని చూసినట్టు
నా మొఖం చూస్తడు.
"ఏమున్నది?"
"మురుగున్నది, డెక్కున్నది.
మక్కబెండ్లు తక్కువున్నయ్, నిన్న వాన కదా.
నీ జేబుల బీడీకట్టున్నది."
సప్పుడు జెయ్యకుంట పోయి
బీడీలు, అగ్గిపెట్టె
జెట్టీ మీద రాయి కింద పెట్టొస్తడు.
"ఇంకేం లేదా?"
"లేదు ఉస్తాద్."
"మల్లొక్కపారి సూడు."

చెవి పిడికిట్ల వట్టుకొని
మల్లా వంగుత.