చెవులు మాత్రం

డబ్బా మూత తీయగానే గుప్పున వెనిగర్ వాసన.
సినిమా కుళ్ళితే అలాగే ఉంటుంది,
మనిషి కంటే నయం.
ఏడు రీళ్ళు. కోలాక్ దగ్గర ఎవరిదో కోళ్ళ షెడ్డులో
నలభై ఆరేళ్ళు పడి ఉన్నాయి.
ఒక డబ్బా మీద కోడి పొదిగిందని కూడా
తెచ్చినవాడు గర్వంగా చెప్పాడు.

జీలాంగ్ ఉన్ని మిల్లులో తీసిన బొమ్మ.
మూడు ఆదివారాలు, ఒక అద్దె కెమెరా.
నెత్తురంతా డబ్బా బీట్‌రూట్ రసం.
శవాలందరూ రాత్రి షిఫ్టు వాళ్ళే.
తలా ఒక మాంసం పై, రెండు సీసాల బీరు కూలి.
మొహాలకి పిండి రాసి, పైన ఆకుపచ్చ పూసి
"చచ్చినట్టు నడవండి" అన్నాడట డైరెక్టరు.
వారానికి ఆరు రాత్రులు
చచ్చినట్టు నడిచి వస్తున్నవాళ్ళే కదా,
ఒక్క టేకులో అయిపోయింది.

పాత రంగు ఫిల్ముకి ఒక జబ్బు ఉంది.
నీలం పోతుంది, వెనకే పసుపూ పోతుంది,
ఎరుపు మాత్రం మొండికేసి కూర్చుంటుంది.
నా బల్ల మీదికి వచ్చేసరికి
శవాలన్నీ పెళ్ళి భోజనం చేసి వస్తున్నట్టు
బుగ్గలు కందిపోయి, నిగనిగలాడుతూ ఉన్నాయి.
వాళ్ళ ఒంట్లోంచి ఆ నెత్తురు తోడేయడమే నా ఉద్యోగం.
గీతలు తుడిచి, బూజు తుడిచి
ఫ్రేము తర్వాత ఫ్రేము
బతికినవాళ్ళని మళ్ళీ చంపుకుంటూ రావాలి.

లైబ్రరీ గోడ మీద కాగితం చూసి వచ్చింది నెవెంకా.
కోటు విప్పలేదు, కుర్చీ అంచునే కూర్చుంది.
"ఆ కుంటేవాడు," అంది
తెర మీద వేలు పెట్టి, మరక పడేలా.
స్లావ్‌కో.
కుంటడం నటన కాదు, దువ్వెన మిషను పెట్టిన భిక్ష.
డైరెక్టరు మెచ్చుకున్నది మాత్రం అతన్నొక్కణ్ణే.
పెళ్ళి ఫోటో ఒకటుంది, పాస్‌పోర్టు ఫోటో ఒకటుంది.
కదులుతూ ఉన్నది ఇదొక్కటే.

చచ్చినవాడి కళ్ళు చారెడని మావాళ్ళ సామెత.
ఇంత పెద్దగా స్కాన్ చేసి చూశాక చెబుతున్నాను,
స్లావ్‌కోవి చిన్న కళ్ళు.
దీపం వెలుగుకి ఒకటి మూసుకుపోతోంది కూడా.
ఆవిడకి సామెత చెప్పలేదు.

రంగు దిద్దితే ఎలా ఉంటుందో చూపిద్దామని
గుండ్రటి మీట కొంచెం తిప్పాను.
మొహం పచ్చబడింది.
"ఆస్పత్రిలో చివర్న అచ్చం ఇట్లాగే ఉన్నాడు,"
అంది నెవెంకా. "ఇందాకటిదే ఉంచు."

కంపెనీ కాగితంలో స్పష్టంగా రాసుంది,
తీసినవాడి ఉద్దేశం ప్రకారం ఆకుపచ్చ అని.
తీసినవాడూ పోయాడు, ఎవర్నని అడగను?
పచ్చగానే పంపాను. జీతం రాళ్ళు కావాలి నాకూ.
కాకపోతే ఆ పదకొండు సెకన్లు,
రెండువందల అరవైనాలుగు ఫ్రేముల్లో,
స్లావ్‌కో చెవులు రెండూ వదిలేశాను.
చలిలో సైకిలు తొక్కి వచ్చినవాడి చెవుల్లా
ఎర్రగా.
అడిగితే లోపం అని చెబుదామనుకున్నాను.
ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

డిస్కు వచ్చిన వారం నార్లేన్‌లో వాళ్ళింటికి పిలిచింది.
గదిలో హీటరు, పళ్ళెంలో బిస్కట్లు,
నేల మీద బోర్లా పడుకుని మనవడు.
బీట్‌రూట్ చిందినప్పుడల్లా వాడికి ఒకటే నవ్వు.
చివరి రీలు. మిల్లు మేనేజరు ఇల్లు, రాత్రి.
స్లావ్‌కో కుంటుకుంటూ వచ్చి తలుపు బాదుతున్నాడు.
లోపల హీరోయిన్ ఏడుస్తూ
అడ్డంగా చెక్కలు పెట్టి మేకులు కొడుతోంది.

నెవెంకా ముందుకి వంగింది.
మొదట తన భాషలో ఏదో అంది,
తర్వాత నాకోసం ఇంగ్లీషులో:
తియ్యవే పిల్లా తలుపు.
చూడు, చెవులెలా అయ్యాయో.