వీపుల మీది అక్షరాలు

పట్నంల ఏదో కాన్వెంటు మూతబడ్డదట,
డీసీఎం బండిల డెబ్బై ఒక్క పుస్తకం
దేవరకొండ శాఖా గ్రంథాలయం మెట్ల మీద దిగినయి.
"స్పానిష్ విజ్ఞాన సర్వస్వం.
చదివేటోళ్లు ఎవరున్నరు ముత్తిలింగం,
వరుసల పెట్టు, చాలు" అన్నది మేడం.

నాకా భాష రాదు.
వీపుల మీది బంగారు అక్షరాలు మాత్రం
బస్సు బోర్డుల లెక్క కూడబలుక్కుంట.

మొదటి అక్షరానికే ఆరు సంపుటాలు.
ఆఖరి మూడిటికి కలిపి ఒక్కటి,
అదీ బక్కది.

ఇంకో ముచ్చట.
మాట అయిపోయినంక కాదు,
బరువు చాలినంక కోసిండ్రు.
ఒకదాని వీపు 'కామ్' కాడ ఆగింది,
పక్కది 'కాన్' అని లేసింది.
నడుమ ఏదన్న జారిపడ్డదేమోనని
సందుల వేలు పెట్టి చూసిన.
దుమ్ము.

మా నాయిన పొలం గిట్లనే తెగింది.
రెండొందల పద్నాలుగు బై అ, పెద్దన్నది.
బై ఆ, నడిపన్నది. బావి అండ్లనే.
బై ఇ, నాది:
రాళ్లబోడు, రెండు తాళ్లు.
గొలుసు పట్టినాయన ఎకరాలు చాలినయా అని చూసిండు,
నీళ్లెటు పారుతయో చూడలే.

నెత్తిన పాముగీత పెట్టుకున్న 'న' ఒకటి
వాళ్ల వరుసల వేరే కూసున్నది.
పలికితే మన ఞ అంట, మేడం చెప్పింది.
పలక మీద అరిగేదాక దిద్దించి,
సొంతానికి ఒక్క మాట ఇయ్యకుంట
మనం సాగనంపిన ఞ.
దానికి ఆ దేశంల చోటున్నదని
ఎందుకో సంబురమైంది.

కరెంటు పోయిన మధ్యాహ్నం
కిటికీ కాడ బొమ్మలు తిరగేస్తుంటే
రెండో సంపుటంలనే నీళ్లు కనిపించినయి.
ఊట, కాలువ, మంచుగడ్డ,
ఇత్తడి కుళాయి కింద ఒక పిలగాని దోసిలి.
వాని పండ్లు తెల్లగున్నయి.
నా పండ్ల మీద నాలుక తిప్పుకున్న.

వాళ్లు నీళ్లను అ లనే పెట్టుకున్నరు, పైపైన.
మనవి న ల ఉన్నయి.
అచ్చులు దాటి, కచటలు దాటి, త దాటి
ఎంతో కింద.
ఏడొందల ఫీట్లకు బోరు దించితే
ఉత్త దుబ్బ లేసిన రోజు
ఇది ఎవరూ చెప్పలే.

"సక్కగ సదిరినవా?"
సదిరిన మేడం.
తాళమేసి, ఫిల్టర్ నీళ్ల క్యాన్ నింపుకొని
సైకిలుకు ఎడమ దిక్కు కట్టిన.
మొదటి అక్షరం ఆరు సంపుటాల కన్న బరువున్నది.
గుట్ట మలుపు దాక
అటే ఒరుగుకుంట పోయిన.