మెస్కీట్ లేన్, పదిహేను మైళ్ళు

మా వీధికి కాలిబాట లేదు.
ముసలివాళ్ళు బళ్ళలోనే తిరుగుతారు కదా
అనుకున్నాడట కట్టినవాడు.
ట్యూసన్‌కి దక్షిణాన, ఎడారి మొదలయ్యేచోట
రెండువందల ఆరు ఇళ్ళు, అన్నీ ఒకే ఇసుక రంగు.
యాభై అయిదు నిండితేనే తాళంచెవి ఇస్తారు.

వేసవిలో తెల్లవారుజాము అయిదింటికే మా సాయంకాల షికారు.
ఎనిమిది దాటితే తారు చెప్పుల్ని పట్టుకుంటుంది.
అందుకని అందరూ ఒక్కసారే రోడ్డెక్కుతారు:
చేతికర్రలు, కుక్కలు, టెన్నిస్ బంతులు తొడిగిన వాకర్లు,
ఆక్సిజన్ సిలిండర్‌ని మనవరాల్లా
చెయ్యి పట్టి నడిపించుకొచ్చే బెర్నీస్.
బోర్డు మీద పదిహేను అని ఉండేది.
ఎండకి ఒకటి వెలిసిపోయి అయిదే మిగిలింది.
దాన్నీ ఎవరూ నమ్మలేదు.

మార్చిలో ఒసూనాకి అద్దం తగిలింది.
కారు కూడా కాదు, కారుకి పక్కనుండే అద్దం.
తుంటి విరిగింది. కారు ఆగలేదు.

ఆ వారం నుంచి ఆర్లిన్ కొవాచ్
మూల మీద మడతకుర్చీ వేసుకు కూచుంది.
నలభై ఏళ్ళు పిల్లలకి ఈత నేర్పిన మనిషి.
మెడలో అదే స్టాప్‌వాచ్, తాడు మాత్రం మూడోది.
రెండు పోస్టు డబ్బాల మధ్య దూరం టేపుతో కొలుచుకుంది,
పేకాట లెక్కల కాగితాల వెనక రాసుకుంది.
మాకు నవ్వొచ్చింది.

మేలో సమావేశం. ఏసీ చలికి అందరి మీదా శాలువాలు.
దొంగ ఎవరో అందరికీ ముందే తెలుసు:
పార్సెల్ వ్యాన్ల కుర్రాళ్ళు, కంకర సర్దేవాళ్ళు,
సెలవులకొచ్చే మనవలు.
స్పీడ్ బ్రేకర్లు వేయిద్దాం అన్నాడు హాల్వర్.
నడుముకి ఆపరేషనైన ఏడుగురు ఒకే గొంతుతో వద్దన్నారు.
అంబులెన్సూ నెమ్మదిస్తుంది కదా, అంది
ఒకప్పుడు నర్సుగా చేసినావిడ.
కాసేపు గదిలో ఎవరూ మాట్లాడలేదు.

ఆర్లిన్ లేచింది. కళ్ళజోడు మార్చుకుంది.
"పదిహేను దాటినవి నలభై ఒక్క బళ్ళు.
వ్యాన్లు మూడు.
మిగతావి చీకటిపడేసరికి మన గరాజుల్లోకే చేరాయి."
పేర్లు చదవలేదు, రంగులు చదివింది.
తెల్లది, ఇరవై రెండు.
ఎర్ర గోల్ఫ్ కార్టు, ఇరవై నాలుగు,
అదెలాగో దాని యజమానికే తెలియాలి.
"బూడిదరంగు బ్యూక్. మంగళవారం, ఏడూ పది. ముప్పై ఒకటి."

నాకు బూడిదరంగు బ్యూక్ ఉంది.

కాలు కాలిన పిల్లిలా ఎక్కడికి పరిగెత్తానా అని
ఆ రాత్రంతా తవ్వుకున్నాను.
ఆ రోజు డాక్టరు లేడు. రైలు లేదు.
ఎదురుచూసే మనిషి అసలే లేదు.
అరటిపళ్ళు.
అరటిపళ్ళ కోసం వెళ్ళాను.
కొట్టు తెరిచేది ఎనిమిదింటికి.
ముప్పై ఏళ్ళు లారీ తొక్కిన కాలు ఇది,
ఇంకా ఎవరికో సరుకు చేరవేస్తూనే ఉంది.

మర్నాడు ఆవిడ కుర్చీ పక్కన నిలబడ్డాను.
క్షమాపణ సగం నోట్లో ఉండగానే
మెడలోంచి స్టాప్‌వాచ్ తీసి నా చేతిలో పెట్టింది.
"బళ్ళని నేను లెక్కపెట్టాను.
కాళ్ళని నువ్వు లెక్కపెట్టు."

అవతలి ఒడ్డున ఒసూనా, కొత్త తుంటి.
రోడ్డు వెడల్పు ఇరవై నాలుగు అడుగులు.
మలుపు నుంచి ఇక్కడికి మూడువందలు.
పదిహేనులో వచ్చే కారుకి పద్నాలుగు సెకన్లు చాలు.
నా ముప్పై ఒకటికి ఏడు కూడా పట్టవు.
వాకరు. అడుగు. అడుగు. వాకరు.
పద్నాలుగు అయ్యేసరికి
అతను అప్పుడే నడిమధ్యకి వచ్చాడు.
అంటే, బోర్డు చెప్పినట్టు తోలినా సరే...

అంతలో ఓ కౌజుపిట్ట అతని ముందు నుంచి
పిల్లల్ని వెంటేసుకుని రోడ్డు దాటుతోంది.
ఒసూనా ఆగాడు. వాకరు మీద ఒక చెయ్యి ఉంచి
రెండోదాంతో టోపీ తీశాడు వాటికి.
నా బొటనవేలు మీట మీదికి వెళ్ళింది, ఆపుదామా అని.
"తిరగనీ," అంది ఆర్లిన్.

ఇరవై ఆరు. ఇరవై ఏడు.
చివరి పిల్ల ఇంకా కంకరలోంచి రోడ్డెక్కలేదు.