ఓదెలు రేడియం వర్క్స్

జుమ్మేరాత్ బజార్ల
తుప్పు తాళాల కుప్పల దొరికింది,
బత్తాయంత గాజుగుండు.
"జాదూగర్‌ది బేటా, దీంట్ల చూస్తె రేపు కనవడ్తది"
అన్నడు ఫసీయుద్దీన్ చాచా.
"రేపు కనవడ్తె నువ్వెందుకు ఎండల కూసున్నవ్?"
"రేపు గూడ ఇక్కడ్నే కూసున్నట్టు కనవడ్డది."
ఆ మాటకే నూటయాభై ఇచ్చిన.

కుషాయిగూడల నా దుకాణం మీకు తెల్వకపోవచ్చు.
ఆటోల ఎన్క దేవుళ్లు, బండ్ల మీద సింహాలు,
"నన్ను చూసి ఏడ్వకు" అని వంకర అక్షరాలు,
ఇరవై ఆరేండ్ల సంది కోస్తున్న రేడియం.

పక్క కిరాణం వజ్రమ్మ
"అసలుదో నకిలీదో సూద్దాం తే" అని
దొంగనోట్లు పట్టే నీలం లైటు కింద పెట్టింది.
గుండు ధగ్గున పచ్చగ వెలిగింది,
పచ్చి ద్రాక్షల ఎవలో దీపం ముట్టిచ్చినట్టు.
వజ్రమ్మ చెప్పులిడిచి దండం పెట్టింది.
కటింగ్ షాపు భూమన్న
గిరాకీని సగం గడ్డంతోని ఇడిచి ఉరికొచ్చిండు:
"స్వామీ, మా గల్లీకి మంజీర నీళ్లెప్పుడొస్తయి?"
గుండు సప్పుడు చెయ్యలే.
"సూషినవా, ఉన్నమాటే చెప్పింది" అన్నది వజ్రమ్మ.

అప్పుడొచ్చిండు పరాంకుశం సారు.
యురేనియం కడ్డీల కాడ ముప్పై ఏండ్లు చేసి రిటైరైన మనిషి.
కరెంటు పోతె సారు మిణుకుమిణుకుమంటడని
మేమే పుట్టిచ్చిన పుకారు.
"నిజమేనయ్యా, మా ఆవిడ నా పక్కనే కూచుని
బియ్యం ఏరుతుంది" అంటడు.

సంచిలకెల్లి డబ్బా తీసి గుండు దగ్గర పెట్టిండు.
రేకుల మీద తొలి చినుకుల్లెక్క
టిక్... టిక్ టిక్... టిక్.
భూమన్న నా ఎన్క దాక్కున్నడు,
నేను వజ్రమ్మ ఎన్క,
వజ్రమ్మ కందిపప్పు బస్తా ఎన్క.

"భయం లేదు. వెనకటికి గాజుకి రంగు కోసం
చిటికెడు యురేనియం కలిపేవాళ్లు.
దిండు కింద పెట్టుకున్నా మెడనొప్పే తప్ప ఏం రాదు."
"అయితె మాయ కాదా?" వజ్రమ్మ మొఖం చిన్నబోయింది.
సారు కొంచెం సేపు ఊకున్నడు.
"ఎవరూ మంత్రం చదవకుండా
తనంతట తాను, కోట్ల ఏళ్లుగా,
కాస్త కాస్త సీసమైపోతుంటుందమ్మా.
దాన్నేమనాలో నాకూ తెలీదు."

నాకు హుషారెక్కింది.
"సారూ, మన రేడియం మీద పెట్టుండ్రి!"
ఎర్ర షీటు. పసుపు షీటు. సింహం.
డబ్బా ఉత్త గాలికి ఎంతనో గంతే.
"ఇది ప్లాస్టిక్ ఓదెలూ.
లైటు పడితే తిప్పికొడుతుంది, అంతే."

ఇరవై ఆరేండ్లు! బోర్డు మీద జానెడు అక్షరాలు!
మంత్రగాడిది అసలుదాయె, నాది ఉత్తదాయె.
అందరికంటె ఎక్కువ నవ్వింది
ఆ సగం గడ్డమాయన.

గుండు ఇప్పుడు నా గల్లా మీదున్నది,
బిల్లులు ఎగిరిపోకుంట.
బోర్డు మాత్రం మార్చలే.
రాత్రి షట్టర్ దించేటాళ్లకు
మూల మీద ఏదో బండి తిరుగుతది,
లైటు పోయి ఆగిన లారీ ఎన్క పడ్తది,
నేనెప్పుడో కోసిన పేరు, ఎవలి బిడ్డదో,
చీకట్ల ఒక్కసారి ఎలిగి ఆరిపోతది.

దాని మీద డబ్బా పెట్టొద్దని
సారుకు చెప్పిన.