తెల్లరంగు ఆరేదాకా

దిండి రేవులో పాత హౌస్‌బోటు.
దాని స్నానాల గదిలో నిలబడితే
రెండు మోచేతులూ గోడలకి తగులుతాయి.
ఉప్పునీళ్లు తాగి తాగి
అడుగంతా పసుపెక్కింది, పంటి గారలా.

కొత్తది పెట్టడానికి నలభై వేలన్నాడు రాజోలు షాపతను.
నా కొంగుముడిలో పద్దెనిమిది వందలు.

మరిది ఏసుపాదం అంతర్వేదిలో
వలపడవలకి ఫైబరు అతికేవాడు.
"రుద్దొదినా, రంగుదేముంది,
పనంతా రుద్దడంలోనే" అన్నాడు.
నీటికాగితం ఎనిమిది ముక్కలు చేసి రుద్దాను.
పసుపు కింద నీలం.
నీలం కింద ఎవరో పెన్సిలుతో రాసుకున్న కొలతలు.
చెరపబుద్ధి కాలేదు. చెరిపాను.

పగుళ్లలో పుట్టీ పెట్టి
గడువైపోయిన ఏటీఎం కార్డుతో నున్నగా గీశాను.
రెండు డబ్బాలూ కలిపాక ముప్పావుగంటే టైము.
సగం గోడయ్యేసరికి పోటు తగిలింది,
పడవ ఊగింది, బ్రష్షూ ఊగింది,
ఒక చుక్క చీమిడిలా జారి
అక్కడే గట్టిపడింది.

మూడు రోజులు తాకొద్దన్నాడు.
మేం ఏట్లో మునిగాం.
బల్లికెవరు చెప్తారు?
తెల్లటి అడుగు మీద
నాలుగు కాళ్ల గుర్తులు, ఆలోచించుకున్నట్టు ఓ తోక గీత,
ఆపైన ఏమీ లేదు.

కాగితం అయిపోయింది. డబ్బులూ.
శనివారం హైదరాబాదు వాళ్లొస్తున్నారు.
డిజైనని చెప్తా.