బుల్‌బుల్ తీగ

నూట పాతిక తీగలు.
రెండుసార్లు తప్పి మూడోసారికి కుదిరింది లెక్క.
నాలుగు కాళ్లు తొడిగిన పెద్ద చేట మీద
ఎవరో వానని తెచ్చి ఆరేసినట్టు.

తొంభై నాలుగు శ్రావణం, నర్సాపురం.
పొన్నపల్లి వారి లేసు కంపెనీ యాభయ్యేళ్ల పండక్కి
బుడాపెస్టు బేరగాడు పంపిన మనిషి,
ఓర్షోయా.
మా వీధికి నోరు తిరక్క వర్షమ్మ అన్నారు.
పేరుకి తగ్గట్టే దిగిన పూట నుంచీ ముసురు.

హార్మోనియంలు బాగుచేసేవాణ్ణి నేను.
తిత్తి చినిగితే, మెట్టు మూలిగితే నా దగ్గరికొస్తారు.
దీన్ని మాత్రం ఎక్కడ పట్టుకోవాలో తెలీలేదు.
గోదారి గాలి తాగి పొట్ట ఉబ్బింది.
రాత్రి శ్రుతి చేస్తే తెల్లారేసరికి
సగం తీగలు పొరుగూళ్లో ఉన్నట్టు పలికేవి.

ఆవిడ తాళంచెవి తిప్పుతూనే మాట్లాడేది.
కంపెనీ గుమాస్తా భాష్యకారులు
ఇంగ్లీషు కొంత, ఊహ కొంత కలిపి చెప్పేవాడు.
తాత పెళ్లిళ్లలో వాయించాడట, తండ్రి సారాకొట్లో.
ఆడపిల్ల ముట్టేది కాదన్నారట.
అందరూ పడుకున్నాక తీగల మీద దుప్పటి పరిచి
చప్పుడు రాకుండా సాధన చేసిందట.
"నా చేతికి నెమ్మది ముందొచ్చింది, బలం తర్వాత."
పంతొమ్మిదో ఏట సర్కారు మేళంలో జీతం.
రైళ్లు, మంచు, ఎర్ర మఖమలు కుర్చీలు.
ఎనిమిదో నెల దాకా కచేరీలు చేసింది,
కడుపుకీ తీగలకీ మధ్య జానెడు చోటుతో.
తర్వాత రాజ్యం మారింది. మేళం రద్దయింది.
ఇప్పుడు ఒక హోటల్లో, రోజూ రాత్రి, తినేవాళ్ల వెనకాల.
"చెంచాలకి కూడా శ్రుతుంటుంది" అందట.
ఆవిడ అన్నదో, భాష్యకారులు అతికించిందో.

పెట్టె అడుగున ఒక రేకు డబ్బా.
తెగిన ప్రతి తీగ నుంచీ ఒక ముక్క,
ముక్క ముక్కకీ చీటీ: ఏ ఏడు, ఏ ఊరు.
ముప్పై ఏడేళ్ల బతుకు
మా ఆవిడ ఆవాల డబ్బా అంత.

కచేరీ రేవు అవతల, సఖినేటిపల్లిలో.
పంటు ఎక్కించాం,
కొబ్బరికాయల బస్తాలకీ నాలుగు స్కూటర్లకీ
బెదిరిన ఒక దూడకీ మధ్యన.
వశిష్ఠ ఎర్రగా పొంగి ఉంది.
నడి ఏట్లో టంగుమంది.
ఎవరూ కొట్టకుండానే తెగింది.

నా సంచిలో ఉన్నది బుల్‌బుల్ తీగ ఒక్కటే,
భజన సమాజం వాళ్లది. అదే బిగించాను.
పుల్లల కొసల్లో దూది ఊడుతుంటే
నా భార్య కరుణమ్మ లేసు దారం చుట్టి
పళ్లతో కొరికి ముడేసింది.

తట్టి చూసింది. మళ్లీ తట్టింది.
నూట పాతికలో ఆ ఒక్కటీ మా యాసలో పలికింది.
తీసెయ్యమంటుందనుకున్నాను.
కళ్లు మూసుకుని పంటు ఇంజను రొద విన్నది కాసేపు.
ఆ రొద దగ్గరికి తీగని దించి
గట్టు తగిలేదాకా అదొక్కటే వాయించింది,
దుప్పటి కింద పిల్లలా.
టిక్కెట్ల కుర్రాడు డబ్బులడగడం మర్చిపోయాడు.

కచేరీ గురించి చెప్పేదేం లేదు.
మైకు పోయింది. ముప్పై మంది, సగం గొడుగులు.

వెళ్లేరోజు తెగిన ముక్కకి చీటీ కట్టి
ఊరి పేరు నన్నే రాయమంది.
తెలుగులో రాశాను, చివరి సున్నా మర్చిపోకుండా.

తొంభై ఆరు తుపాను తర్వాత
పోస్టాఫీసుకి పైకప్పు లేని వారంలో
ఒక కవరొచ్చింది.
కాగితం మీద సిరా అంతా ఒకటే నీలి మడుగు.
వాయిస్తోందో మానేసిందో తెలీదు.
లోపల అరంగుళం తీగ. నేను బిగించినదే.
ముట్టుకుంటే తెలిసింది.
పలికించడానికి చాలదు.
దాని చీటీ మీదా నీలమే,
ఏ ఊళ్లో తెగిందో.

కరుణమ్మ దాన్ని ఆవాల డబ్బాలో వేసింది.
పోపుకి డబ్బా కదిపితే
ఆవాల మధ్య చిన్నగా ఏదో అంటుంది.
నూనె కాగిపోతున్నా
ఆవిడ ఒక్క క్షణం చెయ్యి ఆపుతుంది.