పొరపాట్ల పుస్తకం

టంకసాల వీధిలో, ఇనప కొట్టు పైన
మూడో మెట్టు విరిగిన మేడ.
దాటి రండి అని ఇంగ్లీషులో చెప్పాను, తమిళంలో చెప్పాను,
తెలుగులో చెప్పబోయేసరికి
మునిరత్నం మేస్త్రి అప్పటికే పైన ఉన్నాడు.

వచ్చినావిడ పేరు మార్యెట్కా.
వాళ్ళ ఊరు మన షావుకారుపేటలో నాలుగు వీధులంత,
కొండ కింద, ఏటి మలుపులో.
జనం మూడు వేలు, చలికాలం ఇంకా తక్కువ.
అలాంటివి తొమ్మిది ఊళ్ళట.
సొంతంగా ఇంజనీరును పెట్టుకునే స్తోమత
ఏ ఒక్కదానికీ లేదు.
అందుకని పంచుకున్నారు:
ఒక ఊరి కిటికీల వడ్రంగి,
ఒక ఊరి పెంకుల మనిషి,
పాత పటాలు చదవగలిగే రిటైరైన పోస్టుమాస్టరు,
అందరికీ కలిపి ఒక్క వ్యాను.
దానికీ బ్రేకులు సరిగ్గా పడవట.

చెబుతూ చెబుతూ
కన్సర్వేషన్ అన్న చోట ఆగిపోయాను.
పరిరక్షణ అంటే పోలీసు బందోబస్తులా ఉంది.
సంరక్షణ అంటే అనాథాశ్రమం బోర్డులా ఉంది.
మేస్త్రి చెవి మీది పెన్సిలు సర్దుకుని
"మరమ్మత్తు అనమ్మా, సరిపోద్ది" అన్నాడు.
సరిపోయింది.

ఆవిడ సంచిలోంచి నల్ల అట్ట పుస్తకం తీసింది.
ఊరి నుంచి ఊరికి తిరిగి తిరిగి
అంచులు అప్పడంలా వంకరపోయాయి.
దానికి ఒకటే నియమం:
ఏం బాగుచేశారో తర్వాత,
ముందు ఏం పాడుచేశారో రాయాలి.

గంట గోపురానికి సిమెంటు పూశాం.
గోడకి చెమట పట్టింది, పదేళ్ళకి రాయి పిండయింది.

వంతెన పక్క ఇళ్ళన్నిటికీ ఒకే పసుపు వేశాం,
ఫొటోలకి బాగుంటుందని.
తాగొచ్చినవాళ్ళు పక్కింటి తలుపు కొట్టేవారు.

ముసలామెను ఖాళీ చేయించి ఇంటిని కాపాడాం.
ఇల్లుంది.

చివరిది చెప్పాక కాసేపు
కింద ఇనప కడ్డీలు దించుతున్న చప్పుడే.

మేస్త్రి అన్నాడు: "నాదీ రాయి.
ఎనభై ఏడు. ఈ వరసలో ఏడిళ్ళు.
సున్నం ఆడించాల, కరక్కాయ నానబెట్టాల,
బెల్లం నీళ్ళు పులిసేదాకా కూచోవాల,
ఎవురికుంది తీరిక?
సేటు సిమెంటన్నాడు. నేను సరేనన్నా.
మా నాయన మూణ్ణాళ్ళు నాతో మాట్లాళ్ళా."

లేచి వెళ్ళి, గోడ మీది తెల్లటి నూగుని
బొటనవేలితో తీసి నాలిక మీద పెట్టుకున్నాడు.
ఆవిడా వెళ్ళి అలాగే చేసింది.
ఉప్పుకి దుబాసీ అక్కర్లేదు,
నేను మంచినీళ్ళు తాగాను.

వాళ్ళ ఊళ్ళో సున్నాన్ని గోతిలో
మూడు చలికాలాలు నిద్రపుచ్చుతారట.
మేస్త్రి పళ్ళు లేని నవ్వు నవ్వాడు.
"మూడేళ్ళా? ఈడ గోతికి అద్దె అడగతారు."

తర్వాత పుస్తకం నా ముందుకి జరిగింది.
నేను మాటలు అటూ ఇటూ మోసేదాన్నే అన్నాను.
అది అబద్ధం.
పన్నెండేళ్ళ కిందట కార్పొరేషనులో కొలతలు గీసేదాన్ని.
మే నెల ఎండలో, తాళం తీయించకుండా,
రోడ్డు మీదే నిలబడి
ఒక మిద్దె ఇంటికి శిథిలం అని రాసి సంతకం పెట్టాను.
దాన్ని కూల్చడానికి వాళ్ళకి పదకొండు రోజులు పట్టింది.
శిథిలమైన ఇల్లు
అన్ని రోజులు ఎదురు తిరగదు.

తెలుగులోనే రాశాను.
ఆ తొమ్మిది ఊళ్ళలో చదివేవాళ్ళు ఎవరున్నారు?
ఏం రాశావని మార్యెట్కా అడిగితే
ఇంటి నంబరు అన్నాను.

మేస్త్రి మెడ సాచి, ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి
చివరిదాకా చదివాడు.
"నంబరు తప్పు రాసినావమ్మా.
నూట పద్నాలుగు కాదు, నూట పదహారు.
దాని మిద్దె మా నాయన వేసింది."

చెవి మీది పెన్సిలు తీసి
నా చేతికిచ్చాడు.